అమెరికా కౌంటీకి కలెక్టర్ ఎవరండీ?

రిటైర్డ్ డీటీ, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను 1982లో తాలూకాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి, డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. అంటే మండలాలు పుట్టకముందు మనిషిని. ప్రశ్న చిన్నదే కానీ దాని ముందు కాస్త సోది భరించాలి.

2024 సెప్టెంబర్లో బుడమేరు విజయవాడను ముంచింది కదా, ఆ నెలాఖరుకే నేనూ మా ఆవిడా టెక్సస్‌లో మా అమ్మాయి దగ్గరకి వెళ్ళాం. ఊరి పేరు ఫ్రిస్కో. ఈ మార్చి మొదట్లో తిరిగొచ్చాం. అక్కడ నాకు పనేముంటుంది? మనవణ్ణి బస్సెక్కించడం, దింపుకోవడం, మధ్యలో పోస్టు డబ్బాలో పడ్డ ప్రతి కాగితం చదవడం. కాగితం కనిపిస్తే చివరి సంతకం దాకా చదవకపోతే నాకు అన్నం సయించదు. ఉద్యోగం తెచ్చిన రోగం.

వెళ్ళిన కొత్తలో ఎన్నికల హడావుడి. ఇళ్ళ ముందు గడ్డిలో చిన్న చిన్న బోర్డులు పాతి ఉన్నాయి. ప్రెసిడెంటు పేరున్నవి సరే. ఒక బోర్డు మీద ‘ఫలానా ఆయన్ని కానిస్టేబుల్‌గా గెలిపించండి’ అని ఉంది. ఎవరో వేళాకోళానికి పెట్టారనుకున్నాను. కాదట, నిజంగానే కానిస్టేబుల్‌ని ఓటేసి ఎన్నుకుంటారట! మన ఎన్టీఆర్ స్టేడియంలో వాకింగ్ బ్యాచికి చెబితే ఒక్కడూ నమ్మలేదు.

తర్వాత అక్టోబర్లో ఇంటి పన్ను బిల్లొచ్చింది. అందులో కౌంటీకి ఒక వరస, సిటీకి ఒకటి, స్కూలు డిస్ట్రిక్టుకి ఒకటి, కాలేజీకి ఒకటి. స్కూలు వాటానే సగానికి మించి ఉంది. మొత్తం చూసి నాకు కళ్ళు తిరిగాయి, అది వేరే సంగతి.

అసలు విషయం. మా అల్లుడు పాత కారొకటి కొంటే, దాన్ని తన పేరు మీదకి మార్పించడానికి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గర ‘ట్యాక్స్ అసెసర్ కలెక్టర్’ అని రాసి ఉంది. కలెక్టర్! బిళ్ళ బంట్రోతు లేడు, ఎర్ర బుగ్గ కారు లేదు, కానీ పదం చూసేసరికి నాకు తెలియకుండానే చొక్కా సర్దుకున్నాను. లోపల టోకెన్ తీసుకుని కూర్చుంటే గంట లోపే పనైపోయింది. ‘ఈయనేనా మీ కౌంటీకి పెద్ద?’ అని అడిగాను. ‘గూగుల్ చేసి చెప్తాను మావయ్యగారూ’ అన్నాడు. పదకొండేళ్ళుగా అక్కడ ఉంటున్నాడు, ఇల్లు కొన్నాడు, పన్ను కడుతున్నాడు. మన దగ్గర బ్రాడీపేట టీ కొట్టు అబ్బాయిని అడిగినా కలెక్టర్ ఎవరో చెప్తాడు.

కాబట్టి తెలిసినవాళ్ళు చెప్పండి. కౌంటీ అంటే మన జిల్లాయేనా? దానికి పెద్ద ఎవరు? ఆయన్ని బదిలీ చేసేదెవరు? అన్నిటికన్నా ముఖ్యం, ఒక సామాన్యుడు సోమవారం పొద్దున్నే అర్జీ పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

కృష్ణలంక

బాబాయ్ గారూ, మీ పోస్టు చదివి మా నాన్నగారికి కూడా వినిపించాను, కానిస్టేబుల్ దగ్గర తెగ నవ్వారు. నేను మెకిన్నీలో పన్నెండేళ్ళు ఉండి రెండేళ్ళ క్రితం విజయవాడ వచ్చేశాను. మెకిన్నీ అంటే కాలిన్ కౌంటీకి జిల్లా కేంద్రం లాంటిది. కాబట్టి ఇది నా సబ్జెక్టే.

ముందు మీ అమ్మాయి ఇల్లు ఏ కౌంటీలో ఉందో కనుక్కోండి. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. ఊరొకటే, మేయర్ ఒకడే, కానీ వీధి దాటితే షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు పెద్ద, మారిపోతాడు. ఇక్కడ కనకదుర్గ వారధి దాటితే ఎన్టీఆర్ జిల్లా పోయి గుంటూరు జిల్లా వస్తుంది కదా. వారధికి ఆ చివరా ఈ చివరా ఒకటే ఊరైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక పెద్ద సంగతి. కలెక్టర్ లాంటి మనిషి అక్కడ లేడు. టెక్సస్‌లో కౌంటీని నడిపేది ఐదుగురు సభ్యుల ‘కమిషనర్స్ కోర్ట్’. నాలుగు భాగాల నుంచి నలుగురు కమిషనర్లు, కౌంటీ మొత్తం ఓటేస్తే గెలిచే ‘కౌంటీ జడ్జి’ ఒకరు. అందరికీ నాలుగేళ్ళ పదవి. జడ్జి, కోర్టు అన్న పేర్లు చూసి నేనూ మొదట్లో లాయర్లేమో అనుకున్నాను. పెద్ద కౌంటీల్లో ఆ జడ్జి కేసులు వినడం దాదాపు ఉండదు, మీటింగు నడుపుతాడు. లా డిగ్రీ ఉండాలన్న రూలు కూడా లేదు. 1876లో టెక్సస్ ఆమోదించుకున్న రాజ్యాంగంలో పెట్టిన పేర్లు, అలాగే ఉండిపోయాయి.

ఈ ఐదుగురూ బడ్జెట్ వేస్తారు, కౌంటీ పన్ను రేటు తేలుస్తారు, ఊళ్ళ బయటి కౌంటీ రోడ్లు, జైలు, కోర్టు భవనాలు చూస్తారు. అంతవరకే. షెరీఫ్ వేరే ఎన్నిక. జైలు నడిపేది, మునిసిపాలిటీలు లేని చోట పోలీసింగ్ చేసేది ఆయన. ఊళ్ళో పోలీసులు సిటీ కింద. మీరు చూసిన ట్యాక్స్ అసెసర్ కలెక్టర్ వేరే ఎన్నిక. ప్రాసిక్యూషన్ చేసే డిస్ట్రిక్ట్ అటార్నీ వేరే ఎన్నిక. వీళ్ళెవర్నీ తీసేసే అధికారం కమిషనర్స్ కోర్ట్‌కి లేదు. డబ్బుల తాళం మాత్రం దాని దగ్గరుంటుంది కాబట్టి బడ్జెట్ టైములో షెరీఫ్ వచ్చి ఇన్ని కార్లు కావాలి, ఇంతమంది కావాలి అని అడుక్కోవాల్సిందే. ఆ సీను నేను ఒకసారి కూర్చుని చూశాను, మన కౌన్సిల్ మీటింగుల్లా మైకులు విరగవు గానీ ఇంచుమించు అదే.

కౌంటీ క్లర్క్ అని ఇంకొకరు. పేరు క్లర్కే గానీ ఓటేసి గెలిచిన మనిషి. భూమి దస్తావేజులు ఎక్కించడం, పెళ్ళి లైసెన్సు ఇవ్వడం ఆ ఆఫీసు పని, అంటే మన సబ్ రిజిస్ట్రార్ అనుకోవచ్చు. నా పెళ్ళి అక్కడే అయింది. లైసెన్సు తీసుకున్నాక 72 గంటలు ఆగాలి, 90 రోజుల్లోపు పెళ్ళి చేసుకోవాలి. మా అమ్మ ఇక్కణ్ణుంచి ముహూర్తం పెట్టించి పంపింది. లైసెన్సు ఇంకా తీసుకోలేదని ఐదు రోజుల ముందు గుర్తొచ్చింది! ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మీ కానిస్టేబుల్ ఏంటంటే, కోర్టు నోటీసులు అందించడం, ఇళ్ళు ఖాళీ చేయించే ఉత్తర్వులు అమలు చేయడం ఆయన ముఖ్యమైన పని. ఆయనకి జోడీ ‘జస్టిస్ ఆఫ్ ది పీస్’. అద్దె తగాదాలు, 20 వేల డాలర్ల దాకా చిన్న దావాలు, ట్రాఫిక్ కేసులు చూస్తాడు. పెళ్ళిళ్ళు కూడా చేస్తాడు. మీకు పాత మునసబు గుర్తొస్తాడేమో. వీళ్ళు కూడా పార్టీ టికెట్ మీదే పోటీ చేస్తారు. కానిస్టేబుల్‌కి బీఫాం అన్నమాట.

బదిలీ ప్రశ్నకి జవాబు: బదిలీ లేదు. ఓడిపోవడమే బదిలీ.

మొగల్రాజపురం

మన దగ్గర కానిస్టేబుల్ ఎన్నిక పెడితే ఓటుకి ఎంత పలుకుతుందో ఆలోచిస్తున్నా. ముందు హెల్మెట్ చలాన్లు మాఫీ అని మేనిఫెస్టోలో పెడతారు.

గ్రూప్స్ బ్యాచ్ 2025

సార్, కౌంటీని కలెక్టరేట్‌తో కాకుండా జిల్లా పరిషత్‌తో పోల్చాలి. ఎన్నికైన సభ్యులు, చైర్మన్, కింద ఒక సీఈవో, అది దగ్గరగా ఉంటుంది. మన ఉమ్మడి రాష్ట్రంలో పంచాయతీరాజ్ 1959లో షాద్‌నగర్‌లో మొదలైంది, రాజస్థాన్ తర్వాత మనమే. కాకపోతే మన జడ్పీ కింద పోలీసు లేదు, జైలు లేదు, భూమి రికార్డు లేదు. ఇంకో విషయం, అమెరికాలో అన్ని చోట్లా కౌంటీ ఒకలా ఉండదు. మూడు వేలకు పైగా ఉన్నాయి, ఒక్క టెక్సస్‌లోనే 254. లాస్ ఏంజెలెస్ కౌంటీలో దాదాపు కోటి మంది ఉంటే, టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కల్లో తేలింది 64 మంది. లూసియానాలో వాటిని పారిష్ అంటారు. కనెక్టికట్ అయితే 1960లో కౌంటీ ప్రభుత్వాల్నే ఎత్తేసింది, పేర్లు మాత్రం మ్యాపు మీద ఉన్నాయి.

రిటైర్డ్ డీటీ, గుంటూరు

కృష్ణలంక బాబూ, చాలా ఓపిగ్గా రాశావు. అమ్మాయిని అడిగాను, వాళ్ళది కాలిన్ కౌంటీయేనట. 64 మందికి ఒక కౌంటీ అన్న మాట మా ఆవిడకి చెబితే ‘మన అపార్టుమెంటుకి అంతకన్నా ఎక్కువమందిమి ఉన్నాం, ప్రెసిడెంటుని తేల్చడానికి ఏడాది పట్టింది’ అంది.

గ్రూప్స్ బాబు జడ్పీ అన్నాడు, ఒప్పుకుంటాను. కానీ ఒకటి మీ నోట్సులో ఉందో లేదో. 1987లో మనమూ జడ్పీ చైర్మన్‌ని, మండలాధ్యక్షుణ్ణి నేరుగా ఓటేసి ఎన్నుకున్నాం. జిల్లా మొత్తం ఒక మనిషికి ఓటు! నేను పోలింగ్ డ్యూటీ చేశాను, బ్యాలెట్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో తిరిగొచ్చాను. అలా గెలిచిన చైర్మన్ మాటకున్న బరువు వేరు. 1994 చట్టంతో అది పోయింది, ఇప్పుడు జడ్పీటీసీలు చేతులెత్తి ఎన్నుకుంటారు. కాబట్టి మనకి ఆ రుచి తెలియదనకండి.

కానిస్టేబుల్ కన్నా నన్ను పట్టుకున్నది ఆ బోర్డు. ట్యాక్స్ అసెసర్ కలెక్టర్. మన కలెక్టర్ మాత్రం ఎవరు? 1772లో వారెన్ హేస్టింగ్స్ శిస్తు వసూలుకి పెట్టిన మనిషే కదా! వసూలు చేసేవాడి చేతికి మేజిస్ట్రేటు అధికారం ఇచ్చారు, తర్వాత కరువొస్తే గంజి కేంద్రాలు, ఎన్నికలొస్తే ఎన్నికలు, రేషను, పింఛన్లు, పుష్కరాలు, అన్నీ ఆ కుర్చీ కిందకే చేరాయి. వాళ్ళ కలెక్టర్ మాత్రం పేరుకి తగ్గట్టు పన్ను దగ్గరే ఆగిపోయాడు. మిగతావన్నీ తలా ఒకరికి పంచుకున్నారు. పేరు ఒకటే, రాత వేరు.

పంచుకోవడం బాగుందని మా అల్లుడు అంటాడు. నాకు ఒక అనుమానం ఉంది. 1990 మేలో తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నేను రేపల్లె వైపు డ్యూటీలో ఉన్నాను. రాత్రికి రాత్రి లారీలు పట్టాలి, బడి తాళాలు పగలగొట్టి జనాన్ని లోపల పెట్టాలి, మిల్లుల నుంచి బియ్యం ఎత్తించాలి. కలెక్టరేట్ నుంచి ఒక్క వైర్‌లెస్ మెసేజీ వస్తే ఆర్అండ్‌బీ, కరెంటోళ్ళు, పోలీసు, డాక్టర్లు అందరూ కదిలారు. ఎవరి బడ్జెట్ అని ఎవరూ అడగలేదు. తర్వాత బిల్లుల కోసం మేం నాలుగేళ్ళు తిరిగాం, అది మా ఖర్మ. ఐదుగురు, ఏడుగురు ఎన్నికైన పెద్దలున్న చోట ఆ రాత్రి మాట ఎవరిది చెల్లుతుంది?

కలెక్టర్ వ్యవస్థని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. మా తోడల్లుడి పొలం మ్యుటేషన్ ఒక ఆఫీసులో పదహారు నెలలు నానింది. నేను అదే శాఖలో పనిచేసినవాణ్ణి, నాకే దారి దొరకలేదు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే అది పై నుంచి కిందకి దిగి, తిప్పి తిప్పి ఎవరి మీద ఫిర్యాదు చేశామో అదే సీటుకి ‘తగు చర్య నిమిత్తం’ అని వచ్చింది. అలాంటి కాగితాలు నేనూ వందలు పంపించాను, అబద్ధం ఆడను.

సత్యనారాయణపురం అమ్మ

అన్నయ్యగారూ, మా అబ్బాయి ఉండేది కాలిఫోర్నియాలో, శాంటా క్లారా కౌంటీ. అక్కడ పద్ధతి వేరు. ఐదుగురు సూపర్‌వైజర్లు ఎన్నికవుతారు, వాళ్ళు కలిసి ఒక కౌంటీ ఎగ్జిక్యూటివ్‌ని జీతానికి పెట్టుకుంటారు. రోజూ యంత్రాంగాన్ని నడిపేది ఆయన. అంటే మీరు వెతుకుతున్న కలెక్టర్ ఆయనే అనుకోండి, కాకపోతే హైదరాబాదో అమరావతో పంపినాయన కాదు, ఆ ఐదుగురూ పెట్టుకున్నాయన. నచ్చకపోతే తీసేస్తారు. అక్కడ కూడా షెరీఫ్, డిస్ట్రిక్ట్ అటార్నీ, అసెసర్ వేరే ఎన్నికే.

ఇంకో సంగతి, ఆ కౌంటీకి సొంత పెద్దాసుపత్రి ఉంది, వ్యాలీ మెడికల్ సెంటర్ అంటారు. డబ్బు లేనివాళ్ళకి అదే దిక్కు. మన గుంటూరు జీజీహెచ్ రాష్ట్రం కింద ఉంటుంది కదా, అక్కడ కౌంటీ నడుపుతుంది. ఇన్సూరెన్సు లేదని చూడకుండా పంపకూడదట. మా అబ్బాయి ‘అమ్మా, పన్నులో కొంత దీనికే పోతుంది’ అని గొణుగుతాడు. పోనీరా, నువ్వు పుట్టింది సర్కారు ఆసుపత్రిలోనే అన్నాను.

కృష్ణలంక

బాబాయ్ గారూ, ఆ రాత్రి ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్నకి టెక్సస్ చట్టంలో జవాబుంది. 1975 విపత్తుల చట్టం ప్రకారం కౌంటీలో ఎమర్జెన్సీకి డైరెక్టర్ కౌంటీ జడ్జి, ఊరికి మేయర్. విపత్తు ప్రకటించడం, జనాన్ని ఖాళీ చేయమనడం ఆయన చేతిలో ఉంటాయి. మామూలు రోజుల్లో ఐదుగురిలో ఒక ఓటు, తుపానొస్తే మీ కలెక్టర్‌కి దగ్గర మనిషి. అయితే ఆర్డరేస్తే షెరీఫ్ ‘సరే సార్’ అనాలని మన దగ్గరలా లేదు, ఫోన్ చేసి కలుపుకుపోవాలి. ఇద్దరిదీ వేరే పార్టీ అయితే ఇంకా అందం.

బుడమేరప్పుడు సింగ్‌నగర్‌లో మా పెద్దమ్మ వాళ్ళు మేడ మీద మూడు రోజులున్నారు. ముఖ్యమంత్రి విజయవాడ కలెక్టరేట్‌లోనే మకాం వేశారు, బోట్లు, డ్రోన్లతో అన్నం పొట్లాలు, అన్నీ అక్కణ్ణుంచే. మీరన్నట్టు ఒక చోటి నుంచి కదలడంలో బలం ఉంది, నేను కాదనను. కానీ డ్రోన్ మా పెద్దమ్మ ఇంటిదాకా రాకుండానే ఆగిపోయింది, వీధి మొదట్లో వాళ్ళకి రెండుసార్లు అందింది. ఆ వీధి సంగతి తెలిసినవాడు వార్డు సచివాలయం కుర్రాడు, వాడి మాట పైకి చేరలేదు.

అర్జీ సంగతి మర్చిపోయాను. కమిషనర్స్ కోర్ట్ మీటింగు తేదీకి కనీసం మూడు పనిదినాల ముందు అజెండా బయట పెట్టాలి. ఎవరైనా వెళ్ళి పేరు రాయించుకుని మైకు దగ్గర రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. ఓటు లేని గ్రీన్‌కార్డు వాళ్ళు కూడా. విన్నాక వాళ్ళు చేసేదేమీ ఉండకపోవచ్చు, కానీ మీ ముందే ఎవరు ఔనన్నారో ఎవరు కాదన్నారో రికార్డవుతుంది. తిప్పలు మరో రకం. మీ ఇంటి పన్ను ఎక్కువైందనుకోండి, కౌంటీ జడ్జిని అడిగితే ‘ఇంటి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్, అక్కడికి వెళ్ళండి’ అంటారు. వాళ్ళనడిగితే ‘రేటు వేసేది మేం కాదు, స్కూల్ బోర్డు’ అంటారు. మొత్తం వసూలు చేసే కలెక్టర్‌ని అడిగితే ‘నేను బిల్లు పంపిస్తానంతే’ అంటాడు. మూడు చోట్లా మర్యాదగానే చెప్తారు, అదొక్కటే తేడా. మొదటి రెండేళ్ళు నేను ఎవరి గుమ్మం ఏదో తెలుసుకోవడానికే సరిపోయింది.

దీనికో దారి ఉంది, మీ అల్లుడి గారికి చెప్పండి. జనవరి 1 నాటి విలువ పట్టుకుని ఏప్రిల్ ప్రాంతంలో నోటీసు పంపిస్తారు. ఒప్పుకోకపోతే మే 15 లోపు, లేదా నోటీసు వచ్చిన 30 రోజుల్లోపు, ఏది తర్వాతైతే అది, అభ్యంతరం పెట్టాలి. చుట్టుపక్కల ఇళ్ళు ఎంతకి అమ్ముడయ్యాయో కాగితాలు జత చేయాలి. పైకప్పు కారుతుంటే ఫోటో పెట్టాలి. ముందు అప్రైజల్ ఆఫీసు మనిషి, తర్వాత రివ్యూ బోర్డు, రెండు అంచెలు. నేను ఐదేళ్ళు పెట్టాను, మూడుసార్లు తగ్గింది. మనవాళ్ళలో సగం మంది బద్ధకించి అక్టోబర్లో బిల్లు చూసి ఏడుస్తారు. అప్పుడు దాదాపు ఏమీ చేయలేం, జనవరి 31 లోపు కట్టడమే.

మొగల్రాజపురం

ఐదేళ్ళలో మూడుసార్లు తగ్గిందా! ఇక్కడ నేను కార్పొరేషన్ పన్ను మీద పిటిషన్ పెడితే కొలతలకొచ్చి బాల్కనీ కూడా కలిపారు.

రిటైర్డ్ డీటీ, గుంటూరు

అంటే అది మన జమాబందీలో అభ్యంతరాలు వినడం లాంటిదే! ఇన్నాళ్ళకి నాకు తెలిసిన పని ఒకటి కనిపించింది.

ఇందాకే అల్లుడికి ఫోన్ చేశాను. ఇల్లు కొని ఆరేళ్ళయిందట, ఒక్కసారీ అభ్యంతరం పెట్టలేదట. ఆ నోటీసుని అడ్వర్టయిజ్‌మెంట్ అనుకుని పక్కన పడేశాడట. చెల్లెమ్మగారి అబ్బాయి గొణగడంలో తప్పులేదు గానీ, గొణగడానికీ గడువు ఉంటుందని చెప్పాను. పెరటి కంచె పడిపోయిన ఫోటో, వంటింటి గోడ బీట ఫోటో తీసి ఉంచమన్నాను, ఆ బీట నేనే కనిపెట్టాను లెండి. పక్క వీధిలో తెలుగువాళ్ళ ఇల్లు నిరుడు ఎంతకి అమ్మారో అమ్మాయికి తెలుసు, వాళ్ళ గృహప్రవేశానికి మేమూ వెళ్ళాం.

ఏప్రిల్లో నోటీసు వచ్చిన రోజే వాట్సాప్ చేయమన్నాను. అర్జీ నేనే రాస్తాను, వాడు ఇంగ్లీషు సరిచూసుకుంటే చాలు.